స్విచ్ కొనే ముందు లారీ సంగతి అడగండి

"24 పోర్టుల స్విచ్ ఒకటి, వైఫై నాలుగు, ఫైర్‌వాల్ ఒకటి. కొటేషన్ పంపండి సార్." విశాఖలో నెట్‌వర్క్ పనులు చేసేవాళ్లకు వచ్చే ఫోన్లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. స్విచ్ అంటే కంప్యూటర్లనూ కెమెరాలనూ కేబుళ్లతో కలిపే పెట్టె, ఫైర్‌వాల్ అంటే ఇంటర్నెట్‌కూ లోపలి నెట్‌వర్కుకూ మధ్య కాపలా ఉండే పెట్టె. కొటేషన్ రాయడానికి పావుగంట పట్టదు. అయితే అందులో ఉన్నవన్నీ క్లయింటుకు తెలిసిన సామాన్ల పేర్లు. ఆయన అవసరం ఏమిటో అందులో ఎక్కడా లేదు. అది తెలియాలంటే అడగాల్సింది ఇది: నెట్‌వర్క్ ఆగిపోతే మీ దగ్గర మొదట ఏం ఆగుతుంది? ఎంతసేపు ఆగితే ఓర్చుకోగలరు?

ఒక క్లయింటును ఊహించుకుందాం. రొయ్యలు ఎగుమతి చేసే సంస్థ. అచ్యుతాపురం వైపు ప్రాసెసింగ్ ప్లాంటు, దాన్ని ఆనుకుని మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీ, ద్వారకానగర్‌లో ఆఫీసు. ఆఫీసులో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ అరగంట ఆగితే అకౌంటెంట్ గారు టీ తాగి వస్తారు. ప్లాంటులో మాత్రం సాయంత్రం ఆరింటికి కంటైనర్ లోడయి డాక్ దగ్గర నిలబడి ఉంటుంది. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (జీఎస్టీ పోర్టల్‌లో నమోదైన బిల్లు) తప్పనిసరి. ఎగుమతి ఇన్వాయిసుకూ అది కావాలి. దాని వెనకే ఈ-వే బిల్లు, అంటే సరుకు రోడ్డు మీద వెళ్లడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం. ఆ రెండూ చేతికి రాకపోతే లారీ గేటు దాటదు. ఓడరేవులో గేటు కటాఫ్ (కంటైనర్లను లోపలికి తీసుకునే ఆఖరి సమయం) తప్పిపోతే ఆ ఓడ మనకోసం ఆగదు. ఈ క్లయింటుకు అసలు అవసరం డిస్పాచ్ టేబుల్ మీది ఆ ఒక్క కంప్యూటరు, దానికి పక్కనున్న ప్రింటరు.

ఈ సంగతి ఎండీ గారి గదిలో కూర్చుంటే తెలియదు. డిస్పాచ్ క్లర్కుతో, తూకం దగ్గర కుర్రాడితో, గేటు దగ్గర సెక్యూరిటీతో, కంప్రెసర్ ఆపరేటర్‌తో ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడాలి. లోడింగ్ జరిగే సమయంలోనే వెళ్లాలి. తిరిగొచ్చాక ఒక్క పేజీ రాయాలి: పని పేరు, ఎవరు చేస్తారు, ఎక్కడి నుంచి, ఎన్ని నిమిషాలు ఆగొచ్చు. మన క్లయింటు పేజీ సుమారుగా ఇలా వస్తుంది. డిస్పాచ్ బిల్లులు 10 నిమిషాలు. తూకం, బార్‌కోడ్ 15 నిమిషాలు, కానీ సర్వరు ప్లాంటులోనే ఉంటే ఇంటర్నెట్‌తో పని లేదు. చాంబర్ల ఉష్ణోగ్రత రికార్డు లాగర్ (ఉష్ణోగ్రత రాసుకునే పరికరం) మెమరీలోనే ఉండిపోతుంది కాబట్టి కొన్ని గంటలు ఆగొచ్చు, అలారం మెసేజ్ మాత్రం ఆగకూడదు. కెమెరాల రికార్డింగ్‌కు బయటి లైనుతో సంబంధం ఉండకూడదు. టాలీ సగం రోజు. ఈ పేజీ మీద క్లయింటు సంతకం తీసుకున్నాకే కొటేషన్ ఫైలు తెరవాలి. తర్వాత "ఇంత ఖర్చెందుకు?" అని అడిగినప్పుడు చూపించాల్సింది ఇదే.

ముందు ఇంటర్నెట్ లైను. లైను 99.5 శాతం సమయం పనిచేస్తుందన్న హామీ అంటే వినడానికి బాగుంటుంది. 30 రోజుల నెలలో 720 గంటలు, అందులో అర శాతం అంటే 3.6 గంటలు. అంతసేపు లైను పోయినా ప్రొవైడరు మాట తప్పినట్టు కాదు. 99.9 శాతమైనా నెలకు 43 నిమిషాలు. మన పేజీలో ఉన్నది 10 నిమిషాలు. కాబట్టి ఒక్క లైనుతో, అది మనకొక్కరికే కేటాయించిన ఎంత ఖరీదైన లీజ్డ్ లైనైనా సరే, ఈ అవసరం తీరదు. రెండో లైను కావాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకుంటారు, రెండు ఫైబర్లూ రోడ్డు మలుపులో ఒకే స్తంభం మీద నుంచి వస్తుంటాయి. చెట్టుకొమ్మ ఒకటి విరిగితే చాలు, రెండూ తెగుతాయి. అందుకే ఆర్డరు ఇచ్చే ముందు ఇద్దరు ఫీల్డ్ ఇంజనీర్లనూ ప్లాంటుకు రప్పించి, చివరి అర కిలోమీటరు ఏ వైపు నుంచి వస్తుందో నడిచి చూడాలి. వీలైతే ఒకటి భూమిలోంచి రావాలి. రెండోది తీగ మీద వచ్చినా, గేటు వైపు కాకుండా వెనక గోడ వైపు నుంచి రావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అలాంటి రోజు రెండు ఫైబర్లూ ఉండవు, మొబైల్ సిమ్‌తో నడిచే సిమ్ రౌటరూ ఉండదు. ఆ రోజుకు డిజైన్‌లో జవాబు ఊరి బయట ఉండాలి. బిల్లింగ్ డేటా కాపీ రోజూ హైదరాబాదులోనో మరోచోటో ఉన్న డేటా సెంటరుకు వెళ్లాలి, ఆ లాగిన్ తెలిసిన మనిషి ఒకరు ఊరి బయట ఉండాలి. అంతకు మించి ప్లాంటులో ఎన్ని పెట్టెలు పెట్టినా తుపానుకు ఆగవు.

మామూలు రోజులకు మూడో దారిగా సిమ్ రౌటరు పెట్టుకోవచ్చు. మొబైల్ నెట్‌వర్కులు సాధారణంగా చాలామందిని ఒకే పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే చిరునామా) వెనక దాస్తాయి. బయటి నుంచి లోపలికి కనెక్షన్ రాదు. ద్వారకానగర్ ఆఫీసు నుంచి ప్లాంటు సర్వరుకు వెళ్లే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత రహస్య దారి) ఆఫీసు వైపు నుంచి మొదలయ్యేలా పెడితే, సిమ్ మీదకు మారగానే అది తెగిపోతుంది. ప్లాంటు వైపు నుంచి ఆఫీసు స్టాటిక్ ఐపీకి (మారని చిరునామాకి) మొదలయ్యేలా పెట్టాలి. ఇంకో చిక్కు, ఫైర్‌వాల్ "లైను బతికే ఉందా" అని ఎవరిని అడుగుతుందన్నది. చాలావాటిలో ప్రొవైడరు గేట్‌వేకి (మన లైను మొదట చేరే వాళ్ల రౌటరుకి) పింగ్, అంటే "ఉన్నావా" అనే చిన్న సందేశం, పెట్టి వదిలేస్తారు. గేట్‌వే పలుకుతూనే ఉంటుంది, దాని అవతల దారి మూసుకుపోయి ఉంటుంది, ఫైర్‌వాల్ మాత్రం లైను మార్చదు. 8.8.8.8, 1.1.1.1 లాంటి దూరపు చిరునామాలు రెండు పెట్టి, రెండూ పలకనప్పుడే మారేలా చేయాలి. 5 సెకన్లకోసారి అడిగి, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే మారడం చాలు. అంతకన్నా తొందర పెడితే చిన్న తడబాటుకే లైన్లు అటూ ఇటూ ఊగుతాయి. ఊగిన ప్రతిసారీ బిల్లుల పోర్టల్ లాగిన్ పోయి క్లర్కు మళ్లీ మొదటికి వస్తాడు.

బ్యాండ్‌విడ్త్ లెక్క అందరూ డౌన్‌లోడ్ చూసి వేస్తారు. ప్లాంటులో లైనును మింగేది అప్‌లోడ్. ఎండీ గారు ఇంటి నుంచి 16 కెమెరాలు ఒకేసారి తెరిస్తే, కెమెరాకు 4 ఎంబీపీఎస్ చొప్పున 64 ఎంబీపీఎస్ బయటికి పోతుంది. అదే సబ్‌స్ట్రీమ్‌లో (తక్కువ నాణ్యత వీడియోలో) 512 కేబీపీఎస్ చొప్పున అయితే 8 ఎంబీపీఎస్. కెమెరా యాప్‌లో సబ్‌స్ట్రీమ్ పెట్టి, కెమెరాల విభాగానికి ఫైర్‌వాల్‌లో 10 ఎంబీపీఎస్ పైకప్పు వేయాలి. డిస్పాచ్ కంప్యూటరుకు ముందు వరస ఇవ్వాలి. ఈ రెండు పనులకూ పైసా ఖర్చు లేదు.

ఐపీ చిరునామాలు

192.168.1.0తో మొదలుపెట్టకండి. మన ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ రౌటర్లలో చాలావరకు ఉండేది అదే, లేదంటే 192.168.0.0. ఉద్యోగి ఇంటి నుంచి వీపీఎన్ కలిపాక సర్వరు 192.168.1.10ని అడిగితే, ల్యాప్‌టాప్ ఆ చిరునామాను ఇంట్లోనే వెతుక్కుంటుంది. వీపీఎన్ కలిసిందని చూపిస్తుంది, ఏదీ తెరుచుకోదు, తప్పు ఎక్కడుందో తేలక పూట గడిచిపోతుంది. ఆఫీసుకు 10.21, ప్లాంటుకు 10.22 ఇచ్చి, మూడో అంకెను వీల్యాన్ (ఒకే నెట్‌వర్కులో విడదీసిన విభాగం) నంబరుగా పెడితే చూడగానే తెలుస్తుంది: 10.22.10 ఆఫీసు సిబ్బంది, 10.22.20 తూకం, స్కానర్లు, లేబుల్ ప్రింటర్లు, 10.22.30 కెమెరాలు, 10.22.40 ఉష్ణోగ్రత లాగర్లు, కంప్రెసర్ ప్యానెల్, 10.22.90 అతిథులు, 10.22.99 స్విచ్‌ల నిర్వహణ. ఒక్కోదాంట్లో 254 చిరునామాలు. అంత అక్కర్లేకపోయినా చిన్న ముక్కలుగా కొయ్యకండి. రేపు వచ్చే కుర్రాడికి లెక్క సులువుగా ఉండాలి.

ఈ విభాగాలు ఒకదాన్నుంచి ఒకటికి వెళ్లే దారి ఫైర్‌వాల్ మీదుగానే ఉండాలి. కంప్రెసర్ ప్యానెల్‌కు ఇంటర్నెట్ దారి మూసేయాలి. సర్వీసు ఇంజనీరు బయటి నుంచి చూడాలంటే ఆ రోజుకు వీపీఎన్ తెరిచి, పని అయ్యాక మూయాలి. కెమెరాలకూ అంతే, రికార్డరు, గడియారం సరిచేసే సర్వరు తప్ప వాటికి ఇంకెవరితోనూ మాట అక్కర్లేదు.

ఎవరో బజారులో కొన్న 5 పోర్టుల స్విచ్ టేబుల్ కింద పెడతారు. ఊడ్చేటప్పుడు ఊడిన కేబులు రెండో కొసను కూడా అదే స్విచ్‌లో గుచ్చేస్తారు. అంతే, ఒక డేటా ప్యాకెట్టు తిరిగి తిరిగి వెయ్యి ప్యాకెట్లై ప్లాంటు మొత్తం పడుకుంటుంది. పరికరాలు గుచ్చే యాక్సెస్ పోర్టులన్నిటిలో ఇలాంటి చుట్టును పసిగట్టే లూప్ ప్రొటెక్షన్, బీపీడీయూ గార్డ్ సెట్టింగులు పెట్టి ఉంటే ఆ ఒక్క పోర్టే మూసుకుంటుంది. ఇంటి వైఫై రౌటరు తెచ్చి గుచ్చితే అది తప్పుడు చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. దానికి డీహెచ్‌సీపీ స్నూపింగ్, అంటే అనుమతి లేని పోర్టు నుంచి చిరునామాలు పంచనివ్వని సెట్టింగు. ఇలా సెట్టింగులు పెట్టుకోగలిగే మేనేజ్డ్ స్విచ్‌కు ఎక్కువ డబ్బు పెట్టేది ఈ మూడింటి కోసమే.

కోల్డ్ స్టోరేజీలో వైఫై

కోల్డ్ స్టోరేజీ గోడలు పఫ్ ప్యానెళ్లు. మధ్యలో ఫోము, రెండు వైపులా ఇనుప రేకు. తలుపు మూస్తే అది రేకు డబ్బా. బయట పెట్టిన యాక్సెస్ పాయింటు (వైఫై పెట్టె) లోపలికి పలకదు. అందుకని మామూలు ఆఫీసు యాక్సెస్ పాయింటు లోపల పెడితే, దాని డేటా షీటులో పని చేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. మైనస్ 18లో కొన్నాళ్లు నడిచినట్టే నడుస్తుంది, డీఫ్రాస్ట్ సమయంలో లోపల తేమ పట్టి పోతుంది. బయట వాడే రకం, దుమ్మూ నీరూ చొరబడని ఐపీ67 రేటింగు ఉన్నది, మైనస్ ఉష్ణోగ్రత డేటా షీటులో స్పష్టంగా రాసి ఉన్నది కావాలి. ఇంకా మంచి పద్ధతి యాక్సెస్ పాయింటును వెచ్చటి వైపు ఉంచి, విడి యాంటెనాలు మాత్రమే లోపలికి పంపడం. పాడైతే నిచ్చెన వేసుకుని జాకెట్లతో లోపలికి వెళ్లనక్కర్లేదు.

కేబులు వెళ్లే పైపు నోటిని జాగ్రత్తగా చూడండి. బయట విశాఖ గాలి, ఉప్పు తేమతో నిండి ఉంటుంది. లోపల మైనస్ 18. ప్యానెల్‌కు రంధ్రం పెట్టి పీవీసీ పైపు దూర్చి వదిలేస్తే, ఆ గాలి పైపులోకి చేరి చల్లటి కొస దగ్గర నీరై, ఆపైన మంచు అవుతుంది. కొన్ని వారాలకు పైపు నోరు తెల్లగా బిగుసుకుపోతుంది, కేబులు తోలు పగులుతుంది, కరిగిన నీళ్లు కేబులు వెంట జారి నేరుగా జాక్‌లో పడతాయి. పైపును వెచ్చటి వైపే డక్ట్ సీల్ పుట్టీతో, కేబులు చుట్టూ ఖాళీ లేకుండా మూయాలి. ప్యానెల్‌లో రంధ్రం చుట్టూ ఫోము నింపాలి. జాక్‌కు ముందు కేబులు కిందికి వేలాడేలా ఒక చిన్న వంపు ఉండాలి, నీరు అక్కడే కింద పడుతుంది.

సిగ్నల్ సర్వే ఖాళీ చాంబరులో చేయకండి. ఖాళీ గదిలో సిగ్నల్ ఎంతో బాగా కనిపిస్తుంది. సీజనులో రొయ్యల పెట్టెలు కప్పుదాకా పేర్చాక వరసల మధ్య చచ్చిపోతుంది. సరుకు నిండుగా ఉన్న రోజున, తలుపు మూసి, స్కానరు పట్టుకునే ఎత్తులో, ప్రతి వరస చివరా సిగ్నల్ బలం మైనస్ 67 డీబీఎం కన్నా తగ్గకుండా ఉందేమో చూడాలి. స్కానరుకు వేగంతో పని లేదు, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 2.4 గిగాహెర్ట్జ్ తప్పనిసరైతే 1, 6, 11 తప్ప వేరే ఛానెల్ వాడొద్దు.

కేబులు, పవరు, ఉప్పుగాలి

క్యాట్ 6 కేబులు గోడలోది 90 మీటర్లు, రెండు కొసల ప్యాచ్ కార్డులు కలిపి 10. గేటు దగ్గరి వేబ్రిడ్జి 140 మీటర్ల దూరంలో ఉంటే మధ్యలో స్విచ్ పెట్టి లాగుదామనే ఆలోచన వస్తుంది, వద్దు. రెండు భవనాల ఎర్తింగ్ ఒకటి కాదు. రాగి తీగ కలిపితే పిడుగు పడిన రోజు రెండు వైపులా పోర్టులు కాలిపోతాయి. సింగిల్ మోడ్ ఫైబరు, 6 కోర్లది వేయండి. వాడేది రెండే, మిగతా నాలుగు రేపటికి. కనెక్టర్లు కొనేటప్పుడు నీలం రంగువన్నీ నీలంతోనే, ఆకుపచ్చవి ఆకుపచ్చతోనే కలపాలి. నీలం కొస నునుపుగా తిన్నగా ఉంటుంది, ఆకుపచ్చది 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది. కలిపి గుచ్చితే లైటు వస్తుంది, లింకు మాత్రం వచ్చిపోతూ ఉంటుంది.

కేబులు పెట్టె తెరవగానే ఒక తీగ తోలు ఒలిచి బ్లేడుతో గీకండి. లోపలిదాకా ఎర్రగా ఉంటే రాగి. పై పొర పోయి తెల్లగా వెండిలా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అల్యూమినియం నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. 70 మీటర్ల చివరన ఉన్న కెమెరాకు వోల్టేజీ చాలదు, జాక్‌లో కొట్టిన తీగ నాలుగుసార్లు కదిలిస్తే విరుగుతుంది. పెట్టె మీద ఏమి రాసి ఉన్నా బ్లేడు మాటే నమ్మాలి.

డేటా కేబులు మీదే కరెంటు కూడా ఇచ్చే పీఓఈ స్విచ్‌లో పోర్టుల లెక్క సరిపోయినా వాట్ల లెక్క తప్పుతుంది. 16 కెమెరాలు పగలు ఒక్కోటి 4 వాట్లు తింటాయి, మొత్తం 64. యాక్సెస్ పాయింట్లు ఆరు, 18 వాట్ల చొప్పున 108. పగటి మొత్తం 172. మొత్తం బడ్జెట్ 190 వాట్ల స్విచ్ హాయిగా నడుస్తుంది, పని అప్పగించి ఇంటికొస్తారు. చీకటి పడగానే కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి ఒక్కోటి 7.5 వాట్లకు చేరుతుంది. 120, 108 కలిపి 228. స్విచ్ తన లెక్క ప్రకారం కొన్ని పోర్టులకు పవరు కోసేస్తుంది. "పగలు వస్తాయి, రాత్రి పోతాయి" అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే. 228కి 30 శాతం కలిపితే 296 దాటుతుంది, 370 వాట్ల స్విచ్ తీసుకోవాలి. పోర్టు వారీగా కూడా చూడాలి. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణంలో పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, కేబులు అవతలికి చేరేది 12.95. 18 వాట్ల యాక్సెస్ పాయింటుకు అంతకన్నా ఎక్కువ పవరిచ్చే 802.3ఏటీ ఉండాల్సిందే.

రికార్డింగ్ లెక్క కూడా ఇక్కడే చూసుకుందాం. 4 ఎంబీపీఎస్ కెమెరా రోజుకు 43.2 జీబీ రాస్తుంది. 16 కెమెరాలు, 30 రోజులు అంటే 20.7 టీబీ. 12 టీబీ డిస్కులు రెండు కావాలి.

సముద్రం వైపు కెమెరాల్లో ముందుగా పోయేది జాక్. పవరు మోసే పిన్నుల మీద పచ్చటి పొడి పడుతుంది. తేమలో ఉప్పు ఉంటే కరెంటు పారే పిన్ను తినుకుపోతుంది, బంగారు పూత పలచగా ఉన్న చవక జాక్ ఇంకా తొందరగా. కెమెరాతో వచ్చిన రబ్బరు గ్లాండు సంచిలోనే ఉండిపోతుంటుంది. దాన్ని బిగించి, దానిమీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, మూతి కిందికి ఉండేలా పెట్టెలో పెట్టాలి. బోల్టులు స్టెయిన్‌లెస్‌లో 316 రకం. 304 కూడా ఇక్కడ తుప్పు మరకలు వేస్తుంది. ప్రాసెసింగ్ హాలును రోజూ క్లోరిన్ నీళ్లతో కడుగుతారు, స్విచ్ పెట్టె హాలులో పెట్టొద్దు. రాక్‌ను స్ప్లిట్ ఏసీ కింద కూడా పెట్టొద్దు. డ్రెయిన్ పైపు పూడిన రోజు నీళ్లు ఎక్కడ పడతాయో తలెత్తి చూసుకోండి.

కంప్రెసర్ స్టార్టయిన ప్రతిసారీ ప్లాంటులో వోల్టేజీ కుంగుతుంది. లైను ఇంటరాక్టివ్ యూపీఎస్ బ్యాటరీకి మారే ఆ క్షణంలో పాత రౌటర్లు రీస్టార్టవుతాయి. ఇక్కడ అలా మారే విరామమే లేని ఆన్‌లైన్ రకం యూపీఎసే పెట్టాలి. రాక్ మొత్తం 700 వాట్లయితే 2 కేవీఏ చాలు. 12 వోల్టులు, 26 ఏహెచ్ బ్యాటరీలు ఆరు అంటే కాగితం మీద 1,872 వాట్ అవర్లు. నష్టాలు, వేగంగా ఖాళీ కావడం, రెండేళ్ల వయసు లెక్కేస్తే సగమే మన చేతికి వస్తుందనుకోవాలి. అంటే గంటా పావు పైన కాస్త. జనరేటరు పెట్టాక ఒకసారి నడిపి చూడండి. జనరేటరు ఫ్రీక్వెన్సీ ఊగుతుంటే కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటును ఒప్పుకోవు. జనరేటరు గర్జిస్తూనే ఉంటుంది, బ్యాటరీ అయిపోయి రాక్ ఆరిపోతుంది. యూపీఎస్ సెట్టింగుల్లో ఫ్రీక్వెన్సీ పరిధి పెంచాలి.

ఫైర్‌వాల్ కొనేటప్పుడు డేటా షీటులో పెద్ద అక్షరాల్లో ఉన్న వేగాన్ని పక్కన పెట్టండి. వైరస్, చొరబాటు పరీక్షలన్నీ వేసినప్పుడు వచ్చే వేగం కింద చిన్నగా రాసి ఉంటుంది, అది మీ లైను వేగానికి రెట్టింపు ఉండాలి. లాగులు (నెట్‌వర్కులో ఎప్పుడు ఏం జరిగిందో పరికరాలు రాసుకునే రికార్డులు) 180 రోజులు దేశంలోనే నిల్వ ఉండాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశం, సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలపాలని కూడా అందులో ఉంది. గడియారాలు సరిగా లేకపోతే ఆ లాగులు ఎందుకూ పనికిరావు. స్విచ్, కెమెరా, రికార్డరు అన్నీ ఒకే ఎన్‌టీపీ సర్వరును (సమయం చెప్పే సర్వరును) చూడాలి.

అప్పగించే రోజు పరీక్ష లోడింగ్ సమయంలోనే పెట్టాలి. డిస్పాచ్ క్లర్కును బిల్లు కొట్టమని చెప్పి, మొదటి ఫైబరు పీకేయండి. ఎన్ని సెకన్లకు పోర్టల్ మళ్లీ తెరుచుకుందో గడియారం పెట్టి రాయండి. రెండోది కూడా పీకండి. సిమ్ మీద ఈ-వే బిల్లు ప్రింటయ్యి చేతికి రావాలి. తర్వాత మెయిన్ కరెంటు తీసి, యూపీఎస్ మీద అరగంట వదిలి, జనరేటరు వేయించండి. ఒక యాక్సెస్ స్విచ్ పోయినట్టు నటించి, అల్మారాలో సెట్టింగులన్నీ ముందే ఎక్కించి ఉంచిన స్పేర్ స్విచ్‌ను ప్లాంటు ఎలక్ట్రీషియన్ చేతే మార్పించండి. కేబుళ్ల రెండు కొసలా ఒకే నంబరు ఉంటే ఆయన 15 నిమిషాల్లో మారుస్తారు. లేకపోతే మార్చలేరు, లేబుళ్లు మళ్లీ వేయండి.

వచ్చిన అంకెలన్నీ మొదటి పేజీలో ఉన్న నిమిషాల పక్కనే రాసి, క్లర్కు, యజమాని ఇద్దరి సంతకాలూ తీసుకోండి. పాస్‌వర్డుల కవరు యజమాని బీరువాలోకి వెళ్తుంది. ఆ పేజీ, పోర్టుల పట్టిక, రెండు ఇంటర్నెట్ కంపెనీల ఫిర్యాదు నంబర్లు రాక్ తలుపు లోపలి వైపు అతికించాలి. ఇక్కడి తేమకు మామూలు కాగితం రెండు వానాకాలాలు ఆగదు, లామినేషన్ చేయించండి.